ప్యాకెట్టు వెనకవైపు చూడండి

2025 వానాకాలానికి బీజీ-2 పత్తి విత్తనాల ప్యాకెట్టుకు కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ ధర 901 రూపాయలు. లోపల ఉండేది 475 గ్రాములు. వంద పత్తి గింజలు సుమారు 9 గ్రాములు తూగుతాయి కాబట్టి అటూ ఇటుగా 5 వేల గింజలు. గింజ ఒక్కటికి 18 పైసలు పడింది.

ఇప్పుడు ఫోన్ తీసి ఇంటి తోటకు టమాట విత్తనాలు వెతకండి. 30 గింజలు 49 రూపాయలు అనే తరహా ప్యాకెట్లు వరసగా కనిపిస్తాయి. గింజ రూపాయి 63 పైసలు. డెలివరీ చార్జీ వేరే.

ధరలో తొమ్మిది రెట్ల తేడా ఉంటే ఉండనీయండి. చిన్న ప్యాకెట్టుకు కవరు ఖర్చు, కొరియర్ ఖర్చు ఉంటాయి. మన పెరటికి 5 వేల గింజలు అక్కర్లేదు కూడా. అసలు తేడా ధరలో లేదు. ఆ 18 పైసల గింజ రెండు పరీక్షలు దాటి వచ్చింది. ఈ రూపాయిన్నర గింజ ఏ పరీక్ష దాటిందో చాలాసార్లు అమ్మేవాడికే తెలియదు.

గద్వాల వాళ్లకు ఈ మాట కొత్త కాదు. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో పదుల వేల ఎకరాల్లో సీడ్ పత్తి వేస్తారు. దేశమంతా విత్తుకునే హైబ్రిడ్ పత్తి గింజలో పెద్ద వాటా ఇక్కడి చేలలోనే పుడుతుంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ఎంచి, బొటనవేలి గోరుతో రేకలూ పుప్పొడి తిత్తులూ ఒలిచేస్తారు. మధ్యలోని కీలానికి గోరు తగలకూడదు. తెల్లారాక మగ చెట్టు పూవు తెచ్చి ఆ కీలం మీద రుద్దుతారు. దీన్నే క్రాసింగ్ అంటారు. కాయకు పాతిక ముప్ఫై గింజలు అనుకుంటే, 901 రూపాయల ప్యాకెట్టు నిండడానికి దాదాపు 200 పూలను ఎవరో ఒకరు ఒక్కొక్కటిగా గిల్లి, రుద్ది ఉండాలి. ఆ ఎవరో ఒకరిలో బడికి పోవలసిన ఆడపిల్లలు చాలామంది ఉండేవారని 2000 తర్వాతి సంవత్సరాల్లో వచ్చిన నివేదికలు గట్టిగానే చెప్పాయి. ఆ చరిత్రను మరిచి విత్తనం ధర గురించి మాట్లాడడం సరికాదు.

అంత పని చేసినా రైతుకు వెంటనే డబ్బు రాదు. మొదట మొలక పరీక్ష. తర్వాత జీవోటీ (గ్రో-అవుట్ టెస్ట్). లాటులోంచి నమూనా తీసి, పొలంలో విత్తి, పెరిగిన మొక్కల్లో కల్తీవెన్నో లెక్కపెడతారు. పత్తి హైబ్రిడ్‌కు కనీస జన్యు స్వచ్ఛత 90 శాతం ఉండాలి. 'జీవోటీ ఫెయిల్' అని ఫోన్ వస్తే ఆ లాటుకు విత్తనం ధర పోయినట్టే. ఆ పరీక్ష ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఫలితం కాగితం చూపించండి అని కంపెనీలతో, మధ్యవర్తులైన ఆర్గనైజర్లతో నడిగడ్డ రైతులు ఏళ్ల తరబడి గొడవపడుతూనే ఉన్నారు. గింజ పండించేవాళ్లు అడిగే ఆ ప్రశ్ననే గింజ కొనేవాళ్లమూ అడగాలి.

వెనకవైపు ఉండాల్సిన అంకెలు

ఆన్‌లైన్ దుకాణంలో కనిపించేది ప్యాకెట్టు ముందు భాగం. నిగనిగలాడే వంకాయ, పక్కన నవ్వుతున్న పాప. గింజ సంగతి చెప్పేది వెనక భాగం. అక్కడ పంట పేరు, రకం, లాట్ నంబరు, పరీక్ష తేదీ, గడువు తేదీ, మొలక శాతం, స్వచ్ఛత, నికర బరువు, ఏదైనా మందు పట్టించి ఉంటే దాని పేరు ఉండాలి. పట్టించింది విషమైతే ఆ హెచ్చరికా ఉండాలి. గులాబీ రంగులో మెరిసే గింజలు కనిపిస్తే అది శిలీంద్రనాశిని పూత. పిల్లల చేతికి అందనీయకండి, మిగిలినవి కోళ్లకు వేయకండి.

మొలక శాతానికి దేశమంతటా కనీస ప్రమాణాలున్నాయి. టమాట, వంకాయ, తోటకూర, మెంతి, గోరుచిక్కుడుకు 70. బెండకు, ధనియాలకు 65. మిరప, పాలకూర, బీర, సొరకాయకు 60. ఈ అంకెల్లోనే ఒక ఊరట, ఒక హెచ్చరిక ఉన్నాయి. పది మిరప గింజల్లో ఆరే మొలిస్తే మోసం జరగలేదు, ప్రమాణం అంతే. నాలుగే మొలిస్తే అడగొచ్చు. '100 శాతం మొలక గ్యారంటీ' అని రాసుకున్న ప్యాకెట్టు మాత్రం ఏ పరీక్షా చూడలేదని నేను అనుకుంటాను. పరీక్ష చేయించినవాళ్లు అలా రాయరు.

ఇక తేదీ. ధ్రువీకరించిన విత్తనానికి మొదటి గడువు పరీక్ష తేదీ నుంచి 9 నెలలు. మళ్లీ పరీక్షించి పాసైతే మరో 6 నెలలు పొడిగిస్తారు. ప్యాకింగ్ తేదీ ఒక్కటే ఉండి పరీక్ష తేదీ లేకపోతే దానికి విలువ లేదు. మూడేళ్ల కిందటి గింజనైనా నిన్న ప్యాక్ చేయొచ్చు కదా.

మరి చట్టం? 1966 నాటి విత్తనాల చట్టం ప్రకారం నోటిఫై చేసిన రకాలను అమ్మేవాళ్లు కనీస మొలక, స్వచ్ఛత పాటించాలి, లేబుల్ వేయాలి. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తన వ్యాపారానికి లైసెన్స్ ఉండాలి. ఫోన్‌లో అమ్మినా కొట్టులో అమ్మినా అమ్మకం అమ్మకమే. కానీ 1966 చట్టంలో మొదటి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? 500 రూపాయల దాకా. రెండోసారి దొరికితే వెయ్యి, లేదా ఆరు నెలల జైలు, లేదా రెండూ. అరవై ఏళ్ల కిందట 500 రూపాయలు పెద్ద మొత్తమే. ఇవాళ ఒక కాంబో ప్యాక్ ధర. తెలంగాణలో నకిలీ పత్తి విత్తనాల ముఠాల మీద ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం ప్రయోగించాల్సి వచ్చిందంటే మూల చట్టం ఎంత బలహీనమో అర్థమవుతుంది. 2025 నవంబరులో కేంద్రం కొత్త విత్తన బిల్లు ముసాయిదాను జనం ముందు పెట్టింది. జరిమానాలను లక్షల్లోకి పెంచడం, ప్యాకెట్టు మీద క్యూఆర్ కోడ్ ఉండాలనడం అందులోని ముఖ్యాంశాలు. క్యూఆర్ కోడ్ అంటే ప్యాకెట్టు వెనకవైపును ఫోన్‌లోకి తేవడమే. ఆన్‌లైన్ కొనుగోలుదారుకు ఇన్నాళ్లూ లేనిది అదే.

అది వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. కొనే ముందు ఫొటోలన్నీ జరిపి చూడండి. వెనకవైపు ఫొటో లేకపోతే అమ్మకందారును అడగండి. లాట్ నంబరు, పరీక్ష తేదీ పంపలేకపోతే వదిలేయండి. నక్షత్రాల రేటింగ్ చూసి మోసపోవద్దు. 'డెలివరీ సూపర్, ప్యాకింగ్ బాగుంది' అని ఐదు నక్షత్రాలిచ్చిన మనిషి అప్పటికి గింజ విత్తి కూడా ఉండడు. నెల తర్వాత మొలకల ఫొటోతో రాసిన రివ్యూ ఒక్కటి దొరికితే అది వందకు సమానం.

మూడు గ్రాముల తోట

నలుగురున్న ఇంటికి ఎన్ని గింజలు కావాలో లెక్క వేద్దాం. టమాట మొక్కలు 8 ఉంటే చాలు. 70 శాతం మొలక అనుకుంటే 12 గింజలు విత్తాలి. మిరప 6 మొక్కలకు 10 గింజలు. బెండ 20 మొక్కలకు 31 గింజలు. బీర పందిరికి రెండు తీగలంటే 4 గింజలు. అన్నీ కలిపి 57.

బరువులో చూస్తే ఇంకా విచిత్రం. టమాట గింజలు గ్రాముకు దాదాపు 300. మిరప 180 దాకా. బెండ 15 మాత్రమే. తోటకూరైతే గ్రాముకు వెయ్యి పైనే. మన 57 గింజలూ కలిపి 3 గ్రాములు దాటవు. కాబట్టి '10 గ్రాముల టమాట 60 రూపాయలే' అన్న ఆఫర్ చూసి ఆశపడితే 3 వేల గింజలు వస్తాయి. హైబ్రిడ్ టమాట నారుకు రైతు ఎకరానికి వాడేది 60 నుంచి 80 గ్రాములు. అంటే మీ చేతికి వచ్చింది 5, 6 గుంటల పొలానికి సరిపడా విత్తనం. వాడేది 12. నలుగురు పొరుగువాళ్లు కలిసి కొనుక్కుంటే తప్ప ఆ చౌక చౌక కాదు.

'40 రకాల కాంబో' ఇంకో వింత. మిరుగం వచ్చిందని జూన్‌లో తెప్పించుకుంటాం. అందులో క్యాబేజీ, క్యారట్, బ్రకోలీ ఉంటాయి. మన పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు అవి చలి మొదలయ్యాక గాని విత్తేవి కావు. అక్టోబరు దాకా ఆ గింజలు వంటింటి గట్టు మీద ఉక్కలో మగ్గుతాయి. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం అని ఒకటుంది. నిల్వ చేసే చోట వేడి 5 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ గింజ ఆయుష్షు సగమవుతుంది. గింజలో తేమ ఒక శాతం పెరిగినా అంతే. 25 డిగ్రీల గదిలో ఉన్న గింజతో పోలిస్తే 40 డిగ్రీల రేకుల గోదాములో ఉన్న గింజ ఆయుష్షు ఎనిమిదో వంతు. వనపర్తికి పార్శిల్ వ్యానులో రెండు మూడు రోజులు ఎండలో వచ్చిందని భయపడక్కర్లేదు, ఆరిన గింజ అది తట్టుకుంటుంది. గోదాములో గడిచిన వేసవే గింజను తినేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో గోదాములో ఉండి జూన్‌లో బయటికి వచ్చే సరుకు ఎక్కువ గనుక పరీక్ష తేదీ మరీ ముఖ్యం. మీ ఇంట్లో మిగిలిన గింజలను గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి.

వచ్చిన గింజను ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. తడి నూలుగుడ్డలో 20 గింజలు వరసగా పేర్చి, చుట్టి, పళ్లెంలో పెట్టి ఆరకుండా చూసుకోవడమే. పది ఎందుకు చాలవు అంటే దానికీ లెక్క ఉంది. నిజంగానే 70 శాతం మొలిచే మంచి గింజల్లోంచి పది తీస్తే, అందులో ఐదో అంతకంటే తక్కువో మొలిచే అవకాశం దాదాపు 15 శాతం. అంటే ఏడుసార్లలో ఒకసారి మంచి విత్తనాన్ని చెడ్డదనుకుంటాం. అదే 20 తీస్తే సగమో అంతకంటే తక్కువో మొలిచే అవకాశం 5 శాతానికి పడిపోతుంది. ప్రయోగశాలలో అందుకే 400 గింజలతో చేస్తారు. మన మొలకలు వృథా కావు, మోసు విరగకుండా తీసి కుండీలో పెట్టుకోవచ్చు. తొందర మాత్రం వద్దు. ప్రయోగశాలలో టమాటను 5వ రోజు మొదటిసారి లెక్కపెట్టి, 14వ రోజు దాకా చూస్తారు. మిరపకు మొదటి లెక్కే 7వ రోజు. బెండకు ఆఖరి లెక్క 21వ రోజు. నాలుగో రోజుకే మిరప మొలవలేదని ఒక నక్షత్రం ఇచ్చే రివ్యూలు కూడా ఉన్నాయి, పాపం అమ్మినవాడు.

కొన్నిటికి ఆన్‌లైన్ వెతుకులాటే దండగ. మెంతులు, ధనియాలు, ఆవాలు పోపుల డబ్బాలోనే ఉన్నాయి. ధనియాలను చెప్పు కింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి విత్తడం ఇళ్లల్లో అందరికీ తెలిసిందే. పుంటికూర, చిక్కుడు, బీర, సొర ఊళ్లో ఎవరి దొడ్లోనో ఎండిన కాయ ఉంటుంది. అడిగితే ఇస్తారు. సొంతంగా పండించిన గింజను తన ఇంటి దగ్గరే నేరుగా ఇంకొకరికి విత్తుకోవడానికి ఇచ్చినా, అమ్మినా 1966 చట్టం 24వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. అడిగి తెచ్చుకునేటప్పుడు అది నాటు రకమేనా అని మాత్రం కనుక్కోండి. హైబ్రిడ్ కాయ గింజ మొలుస్తుంది, కానీ తల్లిలా కాయదు. ఆన్‌లైన్‌లో 'నాటు హైబ్రిడ్' అని ఒకే ప్యాకెట్టు మీద రాసి అమ్మేవాళ్లకు ఆ రెండిట్లో ఏ ఒక్కటీ తెలియదు.

బొమ్మలో పూసే పూలు

నీలి గులాబీ విత్తనాలు, ఇంద్రధనుస్సు గులాబీ విత్తనాలు అని కనిపిస్తే ఆగిపోండి. జపాన్‌లో సంటోరీ కంపెనీ జన్యుమార్పిడి చేసి 2009లో అమ్మకానికి తెచ్చిన 'నీలి' గులాబీ కూడా నిజానికి లేత ఊదా. ఇంద్రధనుస్సు గులాబీ కాడను చీల్చి రంగునీళ్లలో పెడితే వచ్చేది. అయినా గులాబీని ఇళ్లల్లో గింజతో పెంచరు, కొమ్మతోనో అంటుతోనో పెంచుతారు.

మామిడికి వస్తే 'మియాజాకీ' అంటు మొక్కల సందడి చూస్తున్నాం. కిలో లక్షల్లో పలుకుతుందని వార్తలు, మొక్క వేలల్లో. మియాజాకీ జపాన్‌లో ఒక ప్రాంతం. అక్కడ పెంచే రకం పేరు ఇర్విన్, పుట్టింది అమెరికాలోని ఫ్లోరిడాలో. ఆ ప్రాంతపు పండ్లలో కనీసం 350 గ్రాముల బరువు, 15 డిగ్రీల బ్రిక్స్ తీపి, ఎర్రటి రంగు ఉన్నవాటికే పెద్ద ధర పలికే ముద్ర వేస్తారు. ఆ ధర ముద్రకు, అక్కడి హరితగృహాల్లో ఒక్కో కాయకు వల కట్టి చేసే సేవకు. మొక్క తెచ్చి నాగర్‌కర్నూల్‌లో నాటితే ఇర్విన్ మామిడి కాస్తుందేమో గాని లక్షలు కాయవు. కొల్లాపూర్ మామిడి పక్కనే ఉండగా దీనికోసం వేలు పెట్టడం నాకైతే అర్థం కాదు.

మొక్కలు కొనడం గింజలు కొనడంకంటే కష్టం. గింజ నిద్రలో ప్రయాణం చేస్తుంది, మొక్క మెలకువగా చేస్తుంది. అట్టపెట్టెలో చీకటి, వేడి, నీళ్లు లేని నాలుగు రోజులు. జులై నుంచి సెప్టెంబరు, మళ్లీ నవంబరు నుంచి జనవరి తెప్పించుకోవడానికి అనువైన కాలం. మార్చి దాటాక మానుకోవడం మేలు. వచ్చిన మొక్కను వారం పది రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాతే మార్చండి. అంటు మొక్కైతే అంటు కట్టిన చోటు కనబడాలి. అక్కడ కాండం మందం మారుతుంది, వంపు లేదా టేపు గుర్తు ఉంటుంది. ఆ గుర్తే లేకపోతే మీకు వచ్చింది టెంక మొలక. దాన్ని నాటి ఏళ్ల తరబడి కాయ కోసం ఎదురుచూడాలి, ఆ కాయ ఏమవుతుందో దేవుడికెరుక. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. వదిలేస్తే అవే చెట్టవుతాయి.

కరివేపాకు, నిమ్మ, జామ, తులసి, మందార వంటివాటికి పార్శిల్ ఎందుకు? 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక రాష్ట్రంలోని 12,769 గ్రామ పంచాయతీల్లో ఊరూరా నర్సరీ పెట్టారు. హరితహారం పథకంలో ఇంటికి 6 మొక్కలు పంచారు. అన్ని నర్సరీలూ ఒకేలా నడవవు, అయినా ముందు అడగాల్సింది అక్కడే.

ఆన్‌లైన్‌లోనే కొనాలంటే నేను మొదట చూసేవి ప్రభుత్వ సంస్థలను. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తన 'అర్క' రకాల కూరగాయల విత్తనాలను సొంత పోర్టల్‌లో అమ్ముతుంది. ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకునేలా తయారుచేసిన అర్క రక్షక్ టమాట వాళ్లదే. 1963లో పుట్టిన జాతీయ విత్తన సంస్థ ఓఎన్‌డీసీ అనే ఆన్‌లైన్ అమ్మకాల వేదిక మీద చిన్న ప్యాకెట్లు అమ్ముతోంది. మన దగ్గరే బిజినేపల్లి మండలం పాలెంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది. ఏ రకం మన నేలకు తగునో ఆర్డరు పెట్టే ముందు అక్కడ కనుక్కోవచ్చు.

విదేశాల నుంచి వచ్చే గింజల సంగతి రెండు మాటల్లో. 2020 జులైలో అమెరికాలో వేల ఇళ్లకు, చాలావరకు చైనా ముద్రలతో, అడగని విత్తనాల ప్యాకెట్లు వచ్చాయి. ఆగస్టులో మన వ్యవసాయ శాఖ కూడా రాష్ట్రాలను హెచ్చరించింది. అలాంటివి వస్తే విత్తకుండా వ్యవసాయ అధికారికి అప్పగించాలి. మన 2003 క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం బయటి దేశపు విత్తనానికి దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. డల్లాస్‌లో ఉన్న కొడుక్కి పుంటికూర గింజలు పంపాలన్నా అక్కడి నుంచి ఇదే తరహా అనుమతి కావాలి. కరివేపాకు మొక్కల మీదైతే నిమ్మజాతి చెట్లను చంపే పచ్చకాయ తెగులు భయంతో టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లో గట్టి ఆంక్షలున్నాయి.

మొలవకపోతే ఏం చేయాలి? 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వేదిక నడిపే సంస్థ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరుండే చోటే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. 49 రూపాయలకు కేసు వేస్తామా అనిపిస్తుంది. కానీ 800 రూపాయల కాంబో, 1,500 రూపాయల 'అంటు' మొక్క సంగతి అలా తీసిపారేయలేం.

విత్తనాల మీద వినియోగదారుల చట్టం పనిచేస్తుందని తేల్చిన పెద్ద తీర్పు మన నేల మీది గొడవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ 2016 అక్టోబరు 11న వేరుపడకముందు భాగంగా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లా ఫోరం కూడా అందులో రైతుల వైపు తీర్పిచ్చినవాటిలో ఒకటి. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ రైతులు వినియోగదారులేనని, విత్తన చట్టం ఉన్నంత మాత్రాన పరిహారం అడిగే హక్కు పోదని చెప్పింది. గింజలను ప్రయోగశాలకు పంపలేదు కదా అని సంస్థ వాదించింది. కొన్న గింజంతా విత్తేసే రైతు నమూనా దాచిపెడతాడని ఆశించలేమని, నమూనా తెమ్మని సంస్థనే అడగొచ్చని కోర్టు తోసిపుచ్చింది. అలా అడగడానికి లాట్ నంబరు కావాలి. కాబట్టి ప్యాకెట్టును నడిమికి చించకుండా పై అంచు కత్తిరించి తెరవండి, పది గింజలు అందులోనే మిగల్చండి, బిల్లుతో పాటు పంట చేతికొచ్చేదాకా దాచండి.